ఎండకు పెట్టిన సీసా

నాకు నోరు ఎక్కువ అని మా అమ్మ అనేది, అత్త అనేది, ఇప్పుడు మా ఆయన అబ్బయ్య అంటాడు. చంద్రాపూర్ జిల్లా ఆవర్‌పూర్ రోడ్డు మీద, సిమెంటు కాలనీ గేటు బయట ఉన్న మా లైను ఇళ్లలో ఈ మంగతాయితో మాటకు మాట వేసి గెలిచినవాళ్లు లేరు. అలాంటి నేను నా తమ్ముడు లేవీకి ఒక్క మాట చెప్పవలసి ఉండగా ఏడాదిన్నర పాటు చెప్పలేదు. చెప్పకపోగా, చెంచాతో గులాబీ రేకుల గుల్కంద్ పెట్టాను.

ముందు ఆ చెట్టు సంగతి చెప్పాలి.

అబ్బయ్య కాలనీ తోటలో మాలీ. పెద్ద సార్ల బంగళాల ముందు పూసే గులాబీలన్నీ ఆయన చేతి కిందివే. పైన పువ్వు చూసి అందరూ మెచ్చుకుంటారు గానీ భూమిలో ఉన్న వేరు ఆ పువ్వుది కాదు. కింద అడవి గులాబీ మొద్దు ఉంటుంది. దాని మీద సోకు గులాబీ మొగ్గను తెచ్చి అంటు కడతారు. మొద్దు మొండిది, చీడకు లొంగదు, మా ఎండకు చావదు. పైది సుకుమారం. కింది నుంచి అడవి పిలక వస్తే వెంటనే తీసేయాలి, లేకపోతే అదే పెరిగి పైదాన్ని చంపేస్తుందట. ఒక ఎండాకాలం ఒక బంగళా ఖాళీగా పడి ఉండి, నీళ్లు పోసే దిక్కు లేక ఎర్ర గులాబీ ఒకటి ఎండిపోయింది. కింది మొద్దు మాత్రం మనిషెత్తు పిలకలు వేసింది. కొత్తగా దిగిన సారు దాన్ని తవ్వి పారేయమన్నాడు. పారేయడానికి అబ్బయ్యకు మనసు రాలేదు. గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనక కట్టుకొని ఇంటికి తెచ్చాడు.

"ఏందయ్యా ఈ ముండ్లకంప? ఇంట్ల నేనొక్కదాన్ని సాలనా?" అన్నాను.

"నీకు తోడు తెచ్చిన" అన్నాడు ఆ మహానుభావుడు.

నిజంగా తోడే అయింది. రెండేళ్లలో వాకిలి ముందు కంచె మొత్తం అల్లుకుంది. మేకలు మూతి పెట్టలేకపోయాయి, పందులు దూరలేకపోయాయి. శివరాత్రి దాటిందంటే గుత్తులు గుత్తులుగా పూసేది. ఐదే రేకులు, లేత రంగు. బంగళా గులాబీ పక్కన పెడితే దీన్ని ఎవరూ గులాబీ అనరు. కానీ వాసన ఉందే, డ్యూటీ దిగి పోయే డంపర్ లారీ డ్రైవర్లు బండి ఆపి మరీ పీల్చుకొని పోయేవాళ్లు. పూసేది ఏడాదికి ఒక్కసారి, నెల రోజులు.

మా చర్చి పాస్టరమ్మ నాకు గుల్కంద్ చేయడం నేర్పింది. పొద్దున్నే, ఎండ ముదరకముందే రేకులు కోయాలి. రేకు అడుగున తెల్లగా ఉండే మొదలు గిల్లి పారేయాలి, అది చేదు. నీడలో కాసేపు ఆరబెట్టి, గాజు సీసాలో ఒక వరస రేకులు, ఒక వరస దంచిన పటికబెల్లం వేసుకుంటూ పోవాలి. మూతికి పల్చటి బట్ట కట్టి గోడ మీద ఎండకు పెట్టాలి. రోజూ ఒకసారి కదపాలి. వేరే ఊళ్లలో నెల పడుతుందట. చంద్రాపూర్ ఎండకు ఇరవై రోజులు చాలు, రేకు కరిగి ముద్దలా, తేనె రంగుకు వచ్చేస్తుంది. ఒళ్లో పట్టినన్ని రేకులు పోస్తే గుప్పెడు గుల్కంద్ దిగుతుంది. అందుకే నాకు దాని మీద అంత మమకారం.

పువ్వులు అయిపోయాక కాయలు. రేగుపండు కన్నా చిన్నవి, చలికాలానికి ఎర్రబడతాయి. చీల్చి, లోపలి గింజలను, వాటి నూగును చెంచా కొసతో గీకెయ్యాలి. ఆ నూగు గొంతులో పడితే దురద. గీకిన తోలును పచ్చిమిరపకాయలతో నూరితే పుల్లటి పచ్చడి. దగ్గు వచ్చిన పిల్లలకు అవే కాయలు ఉడకబెట్టి నీళ్లు తాపేదాన్ని. ఇడ్లీ గిన్నెలో రేకులు మరిగించి, మూత బోర్లించి, ఆవిరి చుక్కలు పట్టి పన్నీరు తీసేదాన్ని. సున్నపురాయి క్వారీలో పని చేసేవాళ్ల కళ్లు సాయంత్రానికి చింతనిప్పులు. తడిగుడ్డ మీద నా పన్నీరు చల్లుకొని కళ్ల మీద వేసుకుంటే హాయిగా ఉందనేవాళ్లు. వానలు పడగానే అబ్బయ్య పెన్సిలంత లావు కొమ్మలు కోసి ఇచ్చేవాడు, నేను ఇల్లిల్లూ తిరిగి నాటించేదాన్ని. ఎక్కడ గుచ్చినా బతికేది. నాలుగేళ్లలో మా లైనులో ఆ చెట్టు లేని ఇల్లు లేకుండా చేశాను. అందరూ నన్ను గుల్కంద్ అక్క అనేవాళ్లు. అలా పిలిస్తే నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

లేవీ నాకన్నా ఆరేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. క్వారీలో డంపర్ నడిపేవాడు. మాకు రెండు ఇళ్ల అవతల ఉంటాడు, భార్య క్రిస్టినా కాలనీ స్కూల్లో ఆయా. లేవీ మరాఠీ బడిలో చదివాడు, తెలుగు అక్షరం రాదు. కానీ చర్చిలో తెలుగు పాటలన్నీ వాడికి నోటికి వచ్చు. ఢోలక్ ముందు పెట్టుకొని వాడు ఎత్తుకుంటే మిగతావాళ్లు వెనక అందుకునేవాళ్లు. మా సంఘంలో పాటల పుస్తకం చూసి చదవగలిగేది నేను, అబ్బయ్య, ఇంకో నలుగురం. మిగతా అందరికీ లేవీయే పుస్తకం.

వాడికి ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఖర్రా. ఒక్క లేవీకేమిటి, మా జిల్లాలో మగాళ్లలో సగం మందికి అదే. వక్క ముక్కలు, తంబాకు, తడి సున్నం పాలిథిన్ కాగితంలో వేసి, చెక్క మీద పెట్టి బాగా రుద్ది ఇస్తారు. చెంపలో పెట్టుకుంటే గంటలు గంటలు నడుస్తుంది. డంపర్ మీద పన్నెండు గంటలు కూర్చున్నవాడికి నిద్ర రాకుండా అదొకటే ఆధారమట. రోజుకు నాలుగు పొట్లాలు.

రెండేళ్ల కింద, మార్చి నెలలో, మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకొని ఆగిపోయాడు.

"అక్కా, గింత కారమేసినవేంది? నోరంత భగ్గుమంటుంది."

అదే కూర అబ్బయ్య కూడా తింటున్నాడు. ఆయన తల ఎత్తి చూశాడు. "కారమేం లేదు రా, చప్పగనే ఉంది."

"ఖర్రా తిని తిని నోరు పొక్కింది, ఇంకేంది. సిగ్గు లేదు. ఆ తంబాకు దుకాణం నోట్లకెల్లి తీసి పారేయ్" అని తిట్టి, సీసా దించి, చెంచాడు గుల్కంద్ వాడి చేతిలో పెట్టాను. "మింగకు. చెంపల పెట్టుకొని కూసో."

కాసేపు కళ్లు మూసుకున్నాడు. "చల్లగయింది అక్కా. సాఫ్ అయిపోయింది" అన్నాడు. అదే కూర ఈసారి కారం అనకుండా తిని, రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. నా ఛాతీ ఉప్పొంగింది.

అప్పటి నుంచి వారానికి ఒకసారి చిన్న డబ్బీ పట్టుకొని వచ్చేవాడు. తర్వాత వారానికి రెండుసార్లు. డంపర్ క్యాబిన్‌లో ఒక పక్క ఖర్రా పొట్లం, ఇంకో పక్క గుల్కంద్ డబ్బీ. వాడు కనిపెట్టిన సూత్రం ఏమిటంటే, ఖర్రా వేడి, గుల్కంద్ చలువ. ముందు అది తిని తర్వాత ఇది తింటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒంటికి ఏమీ అంటదు. క్వారీలో అందరికీ ఇదే చెప్పాడు. అందరికీ నచ్చింది. ఖర్రా మానక్కర్లేదు కదా, ఎందుకు నచ్చదు? పాన్‌ఠేలా బండి మీద ఖర్రా రుద్ది అమ్మే నాగేష్ ఒక రోజు నవ్వుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, ఒక సీసా ఇయ్యరాదు. ఖర్రాలనే జరంత కలిపి రుద్దుత. గుల్కంద్ ఖర్రా. మస్తు నడుస్తది."

ఛీ పొమ్మనాలి కదా? అనలేదు. ఇచ్చాను. పైసలు తీసుకోలేదు, అదొక్కటే నాకు మిగిలిన పరువు. మా వాకిట్లో పూసిన పువ్వు కోర్పనా దాకా పేరు తెచ్చుకుంటోందని మురిసిపోయాను.

ఖర్రా మానేయమని మాత్రం లేవీని రోజూ తిట్టేదాన్ని. ఎవరైనా నన్ను అడిగితే ఆ మాట గట్టిగానే చెబుతాను. కానీ తిట్టడం తేలిక, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "దవాఖానకు పోదాం పద" అనడమే కష్టం. ఆ మాట అంటే నా గుల్కంద్ మీద నాకే నమ్మకం లేనట్టు. అందుకని అనలేదు. ఇంకే కారణమూ లేదు. చాలాసార్లు వెతికి చూసుకున్నాను, ఇంకో కారణం దొరకలేదు.

చూడవలసినవి అన్నీ కళ్ల ముందే జరిగాయి. ఒకసారి కోర్పనా సంతలో పానీపూరీ బండి దగ్గర నిలబడ్డాం. అందరం గుటుక్కున నోట్లో వేసుకుంటుంటే లేవీ పూరీని చేతిలోనే చిదిపి, ముక్కలు ముక్కలుగా తింటున్నాడు. నీళ్లు మోచేతి దాకా కారిపోతున్నాయి.

"చూడుండ్రి, నవాబుగారు ఎట్ల తింటుండో. కొత్త పెండ్లికూతురు లెక్క" అన్నాను. అందరం పగలబడి నవ్వాం. వాడూ నవ్వాడు. నవ్వుతుంటే కూడా వాడి నోరు పూర్తిగా తెరుచుకోలేదు. నేను నవ్వునే చూశాను గాని నోటిని చూడలేదు.

ఆ తర్వాత చర్చిలో పాటలో గొంతెత్తి పాడే చోట్లు వచ్చినప్పుడు వాడు ఢోలక్ గట్టిగా వాయించి దాటేయడం మొదలుపెట్టాడు. జామకాయ కొరకడం మానేశాడు, క్రిస్టినా కోసి ఇచ్చేది. జొన్న రొట్టె పాలలో నానబెట్టుకునేవాడు. ఇవన్నీ క్రిస్టినా నాతో చెప్పింది. "వదినా, ఈయన నోరెందుకో తెరుస్తలేడు" అంది. నేనేం చేశానో తెలుసా? సీసా పెద్దది ఇచ్చాను.

మొన్న సెప్టెంబరులో కాలనీ హాల్లో పళ్ల డాక్టర్ల క్యాంపు పెట్టారు. పోయినవాళ్లందరికీ టూత్‌పేస్టు ఉచితమని చెప్పారు. నేను, క్రిస్టినా లేవీని బలవంతంగా లాక్కొని పోయాం, నిజానికి ఆ పేస్టు కోసమే. చంద్రాపూర్ నుంచి వచ్చిన దివ్య అనే చిన్న వయసు డాక్టరమ్మ టార్చి పట్టుకొని కూర్చుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకొమ్మని లేవీకి చెప్పింది. నేను పక్కన నిలబడి నా నోట్లో పెట్టుకొని చూశాను, సులువుగా పోయాయి. వాడికి ఒక వేలు పోయింది, రెండోది సగంలో ఆగింది.

ఆమె టార్చి లోపలికి వేసి చాలాసేపు చూసింది. ఆమె ముఖం మారిపోవడం నేను చూశాను.

"ఎన్ని రోజుల నుంచి ఈ పుండు?" అని మరాఠీలో అడిగింది.

"ఏడాది దాటింది మేడం."

"ఏడాది నుంచి నొప్పి పెట్టలేదా?"

"గుల్కంద్ పెట్టుకుంటే పెట్టది మేడం" అన్నాడు లేవీ, ఏదో మంచి సంగతి చెబుతున్నట్టు.

డాక్టరమ్మ టార్చి ఆర్పేసింది. "నొప్పి పుడితే మనిషి పరుగెత్తుకుంటూ వస్తాడు. మీకు ఆ నొప్పి తెలియకుండా ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు. ఏడాది ముందు వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేది. ఎవరు ఇచ్చారు గుల్కంద్?"

నేను అక్కడే ఉన్నాను. నోరు ఎక్కువైన మంగతాయిని, వాడికి మూరెడు దూరంలో ఉన్నాను.

"బజార్ల కొనుక్కున్న మేడం" అన్నాడు నా తమ్ముడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

చంద్రాపూర్‌లో ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. తర్వాత నాగ్‌పూర్. పొద్దున ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతే పొద్దు గూకాక బయటికి తెచ్చారు. కుడి చెంప, కింది దవడ ఎముకలో సగం, నాలుకలో ఒక వైపు తీసేశారు. ఛాతీ మీది కండ తెచ్చి చెంపకు అతికించారు. ఆ కండ మీద రెండు వెంట్రుకలు ఉన్నాయి, వాడి ఛాతీ వెంట్రుకలు, ముఖం మీద. నేను వాటినే చూస్తూ కూర్చున్నాను, మిగతా ముఖం చూసే ధైర్యం లేక. ఆ తర్వాత ముప్ఫై రోజులు కరెంటు పెట్టారు, రేడియేషన్ అంటారు దాన్ని. లోపల లాలాజలం ఎండిపోయింది. మాట పోయింది. వాడు ఏదో అంటాడు, అది గాలి. ముక్కులోంచి కడుపుకు గొట్టం వేసి పంపించారు. మళ్లీ వస్తుందా అని అడిగితే, రాకూడదని కోరుకుందాం అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

నాగ్‌పూర్ దవాఖాన మెట్ల మీద నేను క్రిస్టినా కాళ్లు పట్టుకున్నాను. నా వల్లే అన్నాను. ఆమె నన్ను లేపింది.

"ఏం మాట వదినా? ఆ ఏడాదిన్నర ఆయనకు నొప్పి లేకుంట చూసింది నువ్వొక్కదానివే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కొట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె ప్రేమగా అన్న ఆ మాట నన్ను రోజూ పొడుస్తూనే ఉంది.

ఊరికి రాగానే నేను అబ్బయ్యది కొడవలి తీసుకొని చెట్టు మీద పడ్డాను. చేతులు, ముఖం గీరుకుపోయాయి. ఒక వైపు మొత్తం మొదలు దాకా నరికాక ఆయన వచ్చి కొడవలి పట్టుకున్నాడు.

"చెట్టు ఏం జేసిందే? అది పూసింది, అంతే" అన్నాడు.

"నేను జేసిన."

"నువ్వు ఒక్కదానివే గాదు. ఇంటికి తెచ్చింది నేను" అని నా చేతుల్లో ముళ్లు తీయడం మొదలుపెట్టాడు. సూదితో తీస్తూ, తీస్తూ ఏడ్చాడు. పదిహేను రోజులకు నరికిన చోటు నుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి, ముందుకన్నా ఎక్కువ. అడవి మొద్దు కదా, దానికి నరకడం అంటే పెంచడమే.

చర్చిలో ఇప్పుడు పాటలు సగంలో ఆగిపోతున్నాయి. నేను పుస్తకం పట్టుకొని ఒక్కో చరణం ముందుగా చదివి చెప్పాలి, వాళ్లు వెనక అనాలి. లేవీ చివరి బెంచీలో ముఖానికి తువ్వాలు చుట్టుకొని కూర్చుంటాడు. వేళ్లు మాత్రం మోకాలి మీద ఢోలక్ వాయిస్తుంటాయి.

ఫిబ్రవరి ఆఖరుకు చెట్టు నరకని వైపు మళ్లీ పూసింది. ఆ పొద్దున లేవీ మా వాకిట్లో కుర్చీలో కూర్చొని, పువ్వుల వైపు వేలు చూపించాడు. తర్వాత ఆ వేలు తన నోటి వైపు తిప్పాడు. నాకు అర్థమైంది.

"వద్దు రా. అది నీకు చెయ్యను. నీకే గాదు, ఎవ్వరికీ చెయ్యను."

మళ్లీ చూపించాడు. కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. పోయినేడాది సీసా ఒకటి అల్మారాలో వెనక పడి ఉంది. డాక్టరును ఫోన్‌లో అడిగాను. పాలలో కలిపి, వడకట్టి గొట్టంలో పోస్తే నష్టం లేదన్నారు, అంతకన్నా లాభం కూడా లేదన్నారు. పోశాను. గొట్టంలోంచి తేనె రంగు పాలు దిగుతున్నాయి. నాలుకకు తగలవు, రుచి తెలియదు. వాడు గిన్నె మీద ముఖం వంచి వాసన పీల్చాడు. నా చెయ్యి పట్టుకొని, సగం ముఖంతో నవ్వాడు. కోపం లేదు వాడికి. ఎందుకు లేదో నాకు అర్థం కాదు. నేనే వాడి స్థానంలో ఉంటే ఆ సీసా తీసి మంగతాయి నెత్తిన కొట్టేదాన్ని.

మొన్న శుక్రవారం దత్తు వచ్చాడు. దత్తు రాజురా వైపు ఊరివాడు, క్వారీలో లేవీ డ్యూటీ దిగాక అదే డంపర్ ఎక్కేవాడు. నలభై ఏళ్లుంటాయి. మా లైను చివరి ఇంట్లో ఉంటాడు, భార్య భూదేవి. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"అక్కా, జరంత గుల్కంద్ ఇయ్యి. వారం అయింది, ఏం తిన్నా నోరు మండుతుంది."

"దత్తూ, గా డబ్బా కింద పెట్టు. చెయ్యి కడుక్కొని రా" అన్నాను. వచ్చాక, "మూడు వేళ్లు నిలువుగ నోట్ల పెట్టుకో. గిట్ల" అని చూపించాను.

నవ్వుతూనే పెట్టుకున్నాడు. రెండు పోయాయి. మూడోది గోరు దాకా పోయి ఆగింది.

"తమ్ముడూ, నీ కాళ్లు మొక్కుత. రేపు పొద్దుగాల బస్సుకు చంద్రాపూర్ పో. నేను తోడొస్త. డాక్టరమ్మ మంచిది, చూస్తది. ఇప్పుడైతే చిన్నగనే ఉంటది. గుల్కంద్ మందు గాదు దత్తూ. నొప్పి కనపడకుండ ముసుగేస్తది, అంతే."

"గట్లనే అక్కా, పోత. ఈ నెల డ్యూటీ టైట్ ఉన్నది. వచ్చే నెల చూస్త. అంతదనుక జర ఇయ్యి."

"ఇయ్య."

"ఏందక్కా, నాకొక్కనికే లేదా?"

అప్పుడే లేవీ లోపలి నుంచి వచ్చాడు. మా మాటలు విన్నాడు. తిన్నగా దత్తు ముందుకు వచ్చి నిలబడ్డాడు. వీళ్లిద్దరూ ఒకే డంపర్ మీద మూడేళ్లు షిఫ్టులు మార్చుకున్నారు, ఒకే పొట్లంలోంచి ఖర్రా పంచుకున్నారు. లేవీ తువ్వాలు విప్పాడు. తెరుచుకున్నంత మేరకు నోరు తెరిచాడు. వేలితో లోపలికి చూపించాడు, తర్వాత అదే వేలిని దత్తు చెంప మీద ఆనించాడు. ఏదో అన్నాడు. గాలి వచ్చింది. మళ్లీ అన్నాడు, మెడ నరాలు ఉబ్బేలా అన్నాడు. నాకు ఒక్కదానికే అర్థమైంది. "పో రా" అంటున్నాడు.

దత్తు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చెట్టు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. లేవీ ముఖం తప్ప అన్నీ చూశాడు.

"పాపం, లేవీ నసీబు గట్లున్నది అక్కా. అందరికీ గట్లనే అయితదా? మా నాయిన అరవై ఏండ్లు తిన్నడు, ఏం గాలే" అన్నాడు మెల్లగా. డబ్బా తీసుకున్నాడు. అతనికి కోపం లేదు, నన్ను చూసి జాలి పడుతున్నాడంతే. "ఇయ్యకపోతే మానె. మా ఇంటి ఎనక ఉన్నది గూడ నీ చెట్టే గద. మా ఆమె చేస్తది, నువ్వే నేర్పినవ్."

బండి ఎక్కి పోయాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే నడిచాను. అలా మా లైను పొడవునా నడవడం నాకు చాలా రోజుల తర్వాత. ప్రతి కంచె మీదా ఆ పువ్వే. ప్రతి గోడ మీదా ఒక గాజు సీసా, మూతికి తెల్ల బట్ట. కొన్ని ఇంకా పచ్చి గులాబీ రంగులో ఉన్నాయి, కొన్ని తేనె రంగుకు తిరిగాయి. ఏ సీసా ఎన్నాళ్లదో చూస్తేనే నాకు తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పింది వీళ్లంతా ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో! నాగేష్ ఠేలా ముందు ఐదుగురు నిలబడి ఉన్నారు. అతను రుద్దుతున్నాడు.

దత్తు ఇంటి దగ్గర భూదేవి గోడ పక్కనే ఉంది. నన్ను చూడగానే ముఖం వెలిగింది. సీసా రెండు చేతులా ఎత్తి చూపించింది.

"అక్కా, మంచిగొచ్చినవ్. నువ్వు చెప్పినట్టే చేసిన, తెల్ల మొదలు గిల్లేసిన. రంగు బాగొచ్చిందా?"

రంగు బాగా వచ్చింది. నా దానికన్నా బాగా వచ్చింది.

నేను సీసాను గోడ మీద పెట్టించి, ఆమె చెయ్యి పట్టుకొని అంతా చెప్పాను. మూడు వేళ్ల సంగతి చెప్పాను. లేవీ సంగతి, నా సంగతి, టార్చి వేసిన డాక్టరమ్మ సంగతి, ఏదీ దాచలేదు. రేపు పొద్దున బస్సుకు నీ మొగుణ్ణి తీసుకొని రా, నేను వస్తాను, నా కొంగున కట్టుకొనైనా తీసుకుపోతాను అన్నాను. నా జన్మలో ఎవరినీ అంతగా బతిమాలలేదు. భూదేవి కళ్లు పెద్దవి చేసుకొని విన్నది. ఆమెకు భయం వేసింది, అది నాకు కనిపించింది.

"సరే అక్కా. చెప్త అక్కా. పోతం అక్కా" అని తల ఊపింది. గోడ మీద నీడ అప్పటికే సీసా దాకా వచ్చింది. తల ఊపుతూనే ఆమె సీసాను ఎండ ఉన్న వైపుకు జరిపింది.